సింధూరకు ఇక ఎవరు చెబుతారు

శంషాబాద్

అన్నయ్యకూ వదినకూ నమస్కారాలు. ఫోనులో చెబితే నీకు వినపడదని కార్డు రాస్తున్నాను.

నీ మేనకోడలికి లెక్కలూ ఫిజిక్సూ చెప్పే మహేష్ పోయాడు. విమానాశ్రయంలో రాత్రి డ్యూటీ చేసి, పొద్దున్నే నేరుగా మా ఇంటికి వచ్చేవాడు. సోమవారం ఇక్కడినుంచి వెళ్తూ, తుక్కుగూడ దారిలో బండి మీదే కునుకు పట్టి లారీని గుద్దుకున్నాడట. పలకరించడానికి వెళ్తే వాళ్ళమ్మ రాములమ్మ నా చెయ్యి పట్టుకుని, "మీ బిడ్డకు ఇగ ఎవరు చెప్తరక్కా? పరీక్షలు దగ్గరకొచ్చినయ్ గదా" అంది.

ఆ రోజు లెక్క అర్థం కాలేదని సింధూరే అతన్ని ఇంకాసేపు కూర్చోబెట్టింది. అప్పటినుంచి పుస్తకం ముట్టదు, ఎవరితోనూ మాట్లాడదు. వేరే మాస్టారిని పిలిస్తే తలుపు వేసుకుంది. నువ్వైతే కాదనదు.

వదిన మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఇద్దరూ వచ్చి దాని పదో తరగతి పరీక్షలయ్యేదాకా ఉండండి. రాములమ్మకు ఒక మంచి దుప్పటి తీసుకురండి.

పిల్లల మాటలు వినపడటం లేదని నువ్వు ట్యూషన్లు మానేశావు. ఇది మాట్లాడటమే లేదు కదా అన్నయ్యా, కాగితం మీదే చెప్పు. అమ్మవారు మిమ్మల్ని క్షేమంగా చేర్చాలి.

చెల్లెలు,
ప్రసూన