ఆదివారం క్లాసులు

రాజంపేట, శనివారం రాత్రి

దరఖాస్తు పోస్టులో వేసేసినా. ఏది వేయకూడదనుకున్నానో అదే వేసినా.

డిగ్రీ లేకుంటే వచ్చే ఏడు నుంచి పిల్లలకు పాఠాలు చెప్పేకి కుదరదని మా బడి హెడ్మాస్టరమ్మ చెప్పినప్పటి నుంచి, రెండు దూరవిద్య దరఖాస్తులు బీరువాలో పెట్టుకోనుండా. ఒకదానికి కడపలో ఆదివారం క్లాసులుండాయి. రెండోదానికి క్లాసులే లేవు, పుస్తకాలు పోస్టులో ఇంటికే వస్తాయి. "దానికి గుర్తింపు లేదు సునీతా, ఆ సర్టిఫికెట్ యాడా చెల్లదు" అని ఆమె ముందే చెప్పింది.

పొద్దున మా ఆయనకు రెండూ చూపించి, కడపదే కావాలన్నా.

"ఆదివారం పాస్టరు భార్యే చర్చిలో లేకపోతే సంఘం ఏమనుకుంటాది?" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. రెండు కాగితాల మీద చేతులు పెట్టి, కళ్లు మూసుకుని శానాసేపు ప్రార్థన చేసినాడు. తర్వాత రెండోది నా చేతికిచ్చి, "దేవుడు దీన్నే చూపించినాడు" అన్నాడు.

ఆయనతో అయితే వాదించొచ్చు. దేవునితో ఎట్లా వాదించేది?

పోస్టాఫీసులో కవరు తూకం వేస్తా క్లర్కు అడిగినాడు, "ఏం చదువుతాండావమ్మా?" అని.

"టీచరు చదువు, అన్నా" అని చెప్పినా. నోట్లోంచి అట్లనే వచ్చేసింది.

"మంచిదమ్మా" అని ముద్ర గట్టిగా కొట్టినాడు.

సోమవారం హెడ్మాస్టరమ్మ ఏది పంపినావని అడుగుతాది. ఏం చెప్పాలో... రేపు మాత్రం ముందు వరసలో కూర్చుని ఆయన ప్రసంగానికి ఆమెన్ అనాల.