ఉంచాలా, పంపాలా

అమ్మాయీ, నేను బాగానే ఉన్నాను. కాల్పులు ఇక్కడిదాకా రావడం లేదు, కంగారు పడకు. ఈ ముక్క మా వంటశాలలో టీచరమ్మ చేత రాయిస్తున్నాను. ఇళ్లు వదిలి వచ్చినవాళ్లకు మేం ఆడవాళ్లమే వండిపెడుతున్నాం కదా, కడుపు నిండేదాకా ఎవరినీ ఏ ఊరని అడగకూడదని నియమం పెట్టింది నేనే. అలా వచ్చిన ఒక నిండు చూలాలిని నా పక్కనే పడుకోబెట్టుకుంటున్నాను. నిన్న ఉల్లిపాయలు తరుగుతూ తనే చెప్పింది, మన వీధి తగలబెట్టినవాళ్లలో దాని మొగుడూ ఉన్నాడట. "కాలింది నీ ఇల్లు పెద్దమ్మా, ఉంచాలో పంపాలో నువ్వే చెప్పు" అని అందరూ నా మీదికి తోశారు. పొమ్మందామని నోరు తెరిస్తే "తిన్నావా?" అని వచ్చింది. నాకేమైందో నాకే తెలియడం లేదు. దాన్ని చూస్తే ఒళ్లు మండుతుంది, అది నడుం పట్టుకుని మూలిగితే మనసు ఆగదు.

మీ నాన్న మందులు వేసుకుంటున్నారా? ఆయనకు ఈ సంగతి చెప్పకు. మేక ఈనిందా? నీ చంటిదానికి పొట్టివైపోయిన చొక్కాలు, మెత్తటి పాత చీర ఒకటి వెంటనే పంపు. అల్లుడికీ పిల్లలకీ నా దీవెనలు. నేను చేస్తున్నది తప్పయితే తిట్టు. బట్టలు పంపాక తిట్టు.

మీ అమ్మ