అమ్మణి చేతి వడగాలు

1956 ఏప్రిల్ 22, ఆదివారం

ఈరోజు డ్యూటీ లేదు. కొత్వాల్ చావడి బజారు నుంచి ఎర్రగడ్డల మూట వచ్చింది. చిన్నవి, సాంబారులో వేసే రకం. పొద్దున కాఫీ తాగి కూర్చున్నవాళ్ళం మధ్యాహ్నం దాకా పొట్టు వలుస్తూనే ఉన్నాం, నేనూ మా చెల్లెలు అమ్మణీ. నా కళ్ళు వాచిపోయాయి. దానికి అలవాటు. కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా నవ్వుతుంది, ముక్కు భుజానికి తుడుచుకుంటుంది, చేతులు మాత్రం ఆగవు.

ఏటా వేసవిలో వీధికంతా వడగాలు, అంటే తాలింపులో వేసే ఎర్రగడ్డ వడియాలు, చేసేది అమ్మణే. ఎవరి ఎర్రగడ్డలు వాళ్ళు పంపిస్తారు, ఎవరి జాడీ వాళ్ళు ఇస్తారు. బాగా ఎండితే మళ్ళీ వేసవి దాకా చెడవు. పులుసులో ఒక్కటి చిదిమి వేస్తే చాలు, వాసన వీధి చివరికి తెలుస్తుంది. చింతాద్రిపేటలో ఇంకెవరు చేసినా ఆ వాసన రాదంటారు.

మా పాప వల్లి పొట్టంతా పోగుచేసి ఊదింది. ఇల్లంతా గులాబీ రంగు. నేను కసిరాను. అమ్మణి దాని చేతిలో ఇంకో గుప్పెడు పొట్టు పెట్టింది.

ఏప్రిల్ 24

నిన్న రోట్లో కచ్చాపచ్చాగా దంచాం. మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, మెంతులు, తెల్లగడ్డ, పసుపు, ఉప్పు అన్నీ కలిపి రాత్రంతా ఊరబెట్టాం. ఈరోజు అమ్మణి రసం పిండేసి ఉండలు కట్టి మిద్దె మీద చాపల మీద పరిచింది. సాయంత్రం మళ్ళీ వాటిని చిదిపి, మిగిలిన రసంలో కలిపి, రేపు మళ్ళీ ఉండలు కట్టాలి. రసమంతా ఇంకేదాకా రోజూ ఇదే పని. ఎండ ఒక్కరోజు తప్పినా బూజు.

వల్లిని కన్నది నేను, పెంచింది అమ్మణి. ట్రాములు ఆపేశాక వాళ్ళ నాన్నకు పని పోయింది. ఆ మరుసటేడు జ్వరంతో ఆయనా పోయారు. నాకు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఉద్యోగం దొరికింది. షిఫ్టులు. అమ్మణి లేకపోతే నెల కూడా చేయగలిగేదాన్ని కాదు. దానికి ఇరవై ఆరు నిండాయి. పెళ్ళి మాట ఎత్తితే, వల్లి కొంచెం పెద్దది కానీలే అక్కా అంటుంది. నేను గట్టిగా అడగను. అడగకపోవడం నాకే మేలు.

మే 5

కత్తిరి ఎండలు మొదలయ్యాయి. భోజనం చేసి మిద్దె ఎక్కాను. రెండడుగులు వేసేసరికి అరికాళ్ళు కాలి నీడలోకి గెంతాను. అమ్మణి చెప్పుల్లేకుండా నడుమ నిలబడి నింపాదిగా ఉండలు తిప్పుతోంది. కాలదా నీకు అన్నాను. “పోక్కా, దినామూ నిలబడేదానికి ఏం కాలేది” అంది.

మే 6, ఆదివారం

ఎలా రాయాలో తెలియడం లేదు.

మధ్యాహ్నం అమ్మణి పొయ్యి మీద నుంచి ఇనప బాణలి దించింది. గుడ్డ పట్టుకోలేదు. ఎడమచేత్తో బాణలి చెవి పట్టుకుని తీరిగ్గా దించి, నాతో ఏదో చెబుతూనే ఉంది. వల్లి వచ్చి, “చిన్నమ్మా, ఏందో కాలిన వాసన వస్తా ఉండాది” అంది. ముగ్గురం పొయ్యి చుట్టూ వెతికాం. వల్లే చూసింది. అమ్మణి చిటికెన వేలి, దాని పక్క వేలి చర్మం తెల్లగా లేచిపోయి ఉంది.

అమ్మణి ఆ చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకుంది, అది ఎవరిదో అన్నట్టు. “నొప్పేమీ లేదక్కా” అంది. సంతోషంగా చెప్పింది.

మే 7

అమ్మణి కునుకు తీస్తుంటే జాకెట్టు పిన్నీసుతో ఆ వేళ్ళు గుచ్చాను. కదల్లేదు. ఇంకా లోపలికి గుచ్చాను. రక్తం చుక్క వచ్చింది. నిద్రపోతూనే ఉంది.

మోచేతి వెనక రాగి రంగు మచ్చ ఒకటి. ఎన్నాళ్ళుగా ఉందో. ఎండకు వచ్చిన మచ్చ అనుకునేదాన్ని.

మే 14

లీవు పెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు వయసులో చిన్నవాడు. అమ్మణి కళ్ళు మూయించి దూదితో, ఈకతో ముట్టి, ఎక్కడ తగిలిందో చూపించమన్నాడు. కొన్నిచోట్ల చూపింది. కొన్నిచోట్ల ఎదురుచూస్తూ కూర్చుంది. అతను ఎప్పుడో ముట్టి తీసేశాడు. అది మాత్రం ఇంకా ముట్టుకుంటాడని కళ్ళు మూసుకునే ఉంది.

లెప్రసీ అన్నాడు. ఇంగ్లీషులో నాకే చెప్పాడు. ఇప్పుడు టాబ్లెట్లు ఉన్నాయనీ, తొందరగానే వచ్చారనీ, చెంగల్పట్టులో ఆ జబ్బుకే ఉన్న ఆసుపత్రిలో చేర్చమనీ. తిండి వల్ల అంటుతుందని ఎవరు చెప్పినా నమ్మొద్దని తమిళంలో కూడా చెప్పాడు. తర్వాత, ఇంట్లో పిల్లలున్నారా అని అడిగాడు. ఒక పాప ఉందన్నాను. పక్కలో పడుకోనివ్వకండి, పాపను కూడా చూడాలి అన్నాడు.

రిక్షాలో వస్తుంటే అమ్మణి అడిగింది. చెప్పాను. కూవం ఏటి వంతెన దాటాం. తర్వాత, “వల్లి పుట్టినప్పట్నుంచి నా పక్కలోనే కదక్కా పడుకునేది” అంది. తన గురించి ఒక్క మాట లేదు.

మే 15

వల్లి పరిగెత్తుకుంటూ వస్తే అమ్మణి చేతులు వెనక్కి పెట్టుకుంది.

మే 19

హెల్త్ విజిటర్ వచ్చి వల్లిని తలుపు దగ్గర వెలుతురులో నిలబెట్టి ఒళ్ళంతా చూసింది. ఏమీ లేదట. ఆరు నెలలకోసారి చూపించాలట. ఆమె మంచిదే, మెల్లగా మాట్లాడింది. కానీ ఆమె చేతి బ్యాగు మీద ఉన్న లెప్రసీ అన్న అక్షరాలు వీధిలో చదవడం రానివాళ్ళకు కూడా అర్థమయ్యాయి.

సాయంత్రం ఇంటి ఓనరు కోటిలింగం పైకి వచ్చాడు. గడప దాటలేదు. “తప్పుగా ఎత్తుకోవద్దమ్మా. ఆ బిడ్డని నేను నోటితో ఒక మాట అనను. మిద్దె తాళం మాత్రం ఇచ్చేయండి, అందరూ గుడ్డలు ఆరేసే చోటు” అన్నాడు. అతని కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. తాళం చెవి కింద పెట్టమన్నాడు. పెట్టాను. రుమాలుతో తీసుకున్నాడు.

ఉండలింకా సగమే ఎండాయి. చాపలు చుట్టి కిందికి దించాం.

మే 21

వంటింటి కిటికీలో ఎండ గంటసేపు కూడా ఉండదు. అమ్మణి ఉండలన్నీ పళ్ళాల్లో సర్ది, ఎండ జరిగే కొద్దీ పళ్ళాలు జరుపుతోంది. ఎవరూ తినరని దానికీ తెలుసు. వదిలేయమన్నాను. “సగంలో వదిలేస్తే కుళ్ళిపోతాయి కదా” అంది.

మే 23

పొద్దున తలుపు తీసేసరికి మెట్ల మీద జాడీలు. పోయినేడు అమ్మణి చేసిచ్చినవి. ఎవరెవరు పెట్టి వెళ్ళారో చూడలేదు. ఒక్కరు కూడా తలుపు తట్టలేదు. పంకజం జాడీ గుర్తుపట్టాను, మూత విరిగింది. ఆమె రెండో కాన్పుకి పత్యం వండి పెట్టింది అమ్మణే.

అమ్మణి ఒక్కో మూతా తీసి వాసన చూసింది. ఏదీ చెడలేదు. “చూడక్కా, ఎట్లుండాయో” అంది. తర్వాత అన్నీ గోనెసంచిలో కుమ్మరించి, జాడీలు కడిగి, మెట్ల మీద బోర్లించింది. జాడీలు ఎవరూ తీసుకెళ్ళలేదు.

మే 27

రెండు రోజులుగా మబ్బు, వాన. ఉండల మీద తెల్లటి బూజు. అమ్మణి పొడిగుడ్డతో ఒక్కొక్కటే తుడుస్తూ కూర్చుంది. ఈరోజు నల్ల బూజు వచ్చింది. అప్పుడు లేచి చేతులు కడుక్కుంది.

జూన్ 3, ఆదివారం

చెంగల్పట్టు ఆసుపత్రిలో చేర్చి వచ్చాను.

వల్లిని కింది వాటాలో ఉండే లూర్దుమేరి దగ్గర వదిలాను. ఈ ఇంట్లో ఇప్పటికీ మాతో మాట్లాడేది ఆమె ఒక్కతే. బయల్దేరేటప్పుడు వల్లి అమ్మణిని చుట్టేసుకోబోయింది. అమ్మణి “రావద్దు” అని అరిచింది. వల్లి పుట్టాక దాని మీద అరవడం అదే మొదలు. వల్లి అక్కడే నిలబడిపోయింది. “నేనేం చేస్తిని?” అని అడిగింది నన్ను.

ఎగ్మోరులో రైలెక్కేటప్పుడు అమ్మణి తడబడింది, నేను చెయ్యి అందించలేదు. అందించకూడదని అనుకోలేదు. చెయ్యి లేవలేదు, అంతే. అది చూసింది. కడ్డీ పట్టుకుని తనే ఎక్కింది.

ఆవరణ పెద్దది, చెట్లున్నాయి. వార్డులో ఆడవాళ్ళు దానికి చోటిచ్చారు. ఒకామె వేళ్ళు లేని చేత్తో దాని మూట అందుకుంది. అమ్మణి ఆ చేతిని చూసింది. తర్వాత నన్ను చూసింది.

జూన్ 4

దాని గ్లాసు, పళ్ళెం మసిలే నీళ్ళలో వేశాను. తర్వాత నా చేతులు కడుక్కున్నాను. తర్వాత ఏడ్చాను. ముందు కడుక్కున్నాను, అదీ వరస.

జూన్ 20

నైట్ షిఫ్టులు వద్దని సూపర్‌వైజర్‌ను బతిమాలుకున్నాను. కారణం చెప్పలేదు. చెల్లెలు ఊరెళ్ళిందన్నాను. బోర్డు దగ్గర కూర్చుని రోజంతా ఎవరెవరికో లైను కలుపుతాను. ఇల్లు చేరాక వల్లి నాతో పలకదు. బళ్ళో నేర్చిన తమిళంలో బొమ్మతో మాట్లాడుకుంటుంది. చిన్నమ్మతో అయితే తెలుగులోనే మాట్లాడేది.

జులై 15, ఆదివారం

వల్లి చిన్నమ్మ పులుసు కావాలని ఒకటే ఏడుపు. మా సొంత జాడీ అడుగున పోయినేటి వడగాలు కొన్ని మిగిలాయి. ఒకటి చిదిమి నూనెలో వేశాను. ఇల్లంతా అమ్మణి వచ్చినట్టయింది. వల్లి పిలవకుండానే వచ్చి పీట మీద కూర్చుంది. ముద్ద కలిపి నోటి దాకా తెచ్చుకుంది.

చెయ్యి పట్టుకుని ఆపేశాను. పళ్ళెం లాక్కున్నాను.

తిండితో అంటదని డాక్టరు చెప్పాడు. ఇంగ్లీషులో చెప్పాడు, తమిళంలో చెప్పాడు. నాకు అర్థమైంది. ఏడాదిగా ఆ వడగాలే తిన్నాం ముగ్గురం. అన్నీ తెలిసే లాక్కున్నాను. పులుసు, జాడీలో మిగిలినవి, అన్నీ పారబోశాను. వల్లి పెరుగన్నం కూడా తినలేదు.

ఆగస్టు 12, ఆదివారం

చెంగల్పట్టు. టాబ్లెట్లు పడక మొదట ఒళ్ళంతా పొక్కిందట, జ్వరమట. ఇప్పుడు నయం. చిటికెన వేలు కొంచెం వంగింది. అది దాచుకుని కూర్చుంది. నేను చూడనట్టు కూర్చున్నాను.

వల్లి పొడుగైందా అని అడిగింది. తర్వాత, ఈ యేటి వడగాలు ఎలా ఉన్నాయని అడిగింది. బూజు తన చేత్తోనే తుడిచింది కదా. మరిచిపోయిందో, మరిచినట్టు నటించిందో. బాగున్నాయి, అందరూ వచ్చి తీసుకెళ్ళారు అన్నాను. “పంకజమక్క కూడానా?” అంది. కూడా అన్నాను. లేచేటప్పుడు, “ఈడ పెట్టేది చప్పిడి కూడక్కా. ఈ తూరి వచ్చేటప్పుడు నాలుగు వడగాలు ఎత్తుకుని రా” అంది.

సెప్టెంబరు 9, ఆదివారం

కొంచెం ఎర్రగడ్డలు కొని దంచాను. అమ్మణి వేసినవన్నీ వేశాను. పెరట్లో బండ మీద పెట్టాను. కోటిలింగం భార్య పిల్లల్ని లోపలికి పిలుచుకుంది.

సెప్టెంబరు 13

చిదిపాను, మళ్ళీ కట్టాను. నా చేతుల్లో ఉండ నిలవడం లేదు. రసం కారిపోతోంది. ఎంత గట్టిగా పిండాలో ఎప్పుడూ అడగలేదు.

సెప్టెంబరు 18

పురుగులు.

అక్టోబరు 14, ఆదివారం

చెంగల్పట్టు వెళ్ళలేదు. రైలు టైము దాటేదాకా చీర కట్టుకునే కూర్చున్నాను. ఏం చేతపట్టుకుని వెళ్ళను?

అక్టోబరు 21, ఆదివారం

వెళ్ళాను. వట్టి చేతులే. అమ్మణి అడగలేదు. నేను ఎందుకు తేలేదో చెప్పబోతే, “పోనీ విడక్కా” అంది.

అక్కడి డాక్టరమ్మ నన్ను పిలిచి మాట్లాడింది. మందు పనిచేస్తోందట, ఇలాగే ఉంటే ఏడాదిన్నరలో ఇంటికి పంపిస్తామంది. నేను సంతోషపడతానని ఆగింది. థాంక్స్ చెప్పాను. ఇంటికి అంటే ఏ ఇంటికో నాకు తట్టలేదు.

అమ్మణికి చెబితే అది నాకంటే ముందే ఆలోచించి పెట్టుకుంది. “నేను ఈడనే ఉంటా. బ్యాండేజీలు చుట్టే పని ఇస్తామన్నారు. నువ్వు వల్లిని చూసుకో” అంది. కాదు, వచ్చి తీరాలి అనాలి నేను. వాన వస్తోంది, పోయొస్తానన్నాను. రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. నా మనసు తేలిగ్గా ఉంది. ఆ తేలిక చూసి భయమేసింది.

నవంబరు 2

కోటిలింగం ఇల్లు ఖాళీ చేయమన్నాడు. పొంగల్ దాకా ఉండండి, తొందరేమీ లేదు అన్నాడు. ఈసారి గడప దాటి లోపలికి వచ్చి, కూర్చుని చెప్పాడు.

నవంబరు 11, ఆదివారం

పెరంబూరులో ఒక పోర్షన్ చూశాం. రెండు గదులు, కొళాయి ఉంది. ఓనరమ్మ మంచి మనిషిలాగే ఉంది. మీరిద్దరేనా, తోబుట్టువులు, వచ్చేపోయేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

ఎవరూ లేరన్నాను.

ఆమె వల్లిని దగ్గరికి తీసుకుని, నిజమేనా పాపా అని నవ్వుతూ అడిగింది. వల్లి నా మొహం చూసింది. చాలాసేపు చూసింది.

అవునని తలూపింది.