వేడి తగ్గిస్తే ఏమవుతుంది?

గురువారం రాత్రి, వేటపాలెం

రేపే నా పీహెచ్‌డీ సెమినార్. సాయంత్రం జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పిన్నిని కూర్చోబెట్టి, నా ప్రసంగమంతా వినిపించాను. అయస్కాంతాల మధ్య బంధించిన ప్లాస్మా అనే విద్యుదావేశ వాయువుని వేడిచేస్తూ పోతే, ఒక హద్దు దాటగానే అంచుల్లో అలజడి సద్దుమణిగి, వేడి లోపలే నిలుస్తుందని చెప్పాను. పిన్ని నిద్రపోయిందనుకున్నాను.

"మరి వేడి తగ్గిస్తే ఆ హద్దు దగ్గరే మళ్ళీ చెడుద్దా?" అంది, కళ్ళు తెరవకుండానే.

"లేదు పిన్నీ, ఇంకా బాగా తగ్గించాకే."

"ఎందుకని?"

కంగారుగా గైడ్‌గారికి ఫోన్ చేసి, పిన్ని అడిగింది చెప్పాను. ఆయన ఆ ప్రశ్నని రెండుసార్లు చెప్పించుకున్నారు.

"రేపు మీ పిన్నిగారిని మాత్రం తీసుకురాకమ్మా," అన్నారు.

పిన్ని అప్పటికే పట్టుచీర ఇస్త్రీ చేసుకుంటోంది. ఎలా చెప్పాలో...