వానకాలం పుస్తకాల సంగతి

జగిత్యాల, 4-6-85

బాపుకు అనసూయ నమస్కారాలు.

నేను కార్డు మీద రాసి పంపిన పుస్తకాల జాబితా పోలీసులు దారిలోనే చూసి నిన్ను ఠాణాకు పిలిచారని కోరుట్ల మామ నిన్న వచ్చి చెప్పాడు. అందుకే వెంటనే రాస్తున్నాను. "గీ వానకాలం పుస్తకాలేంది, అడివిల అన్నలకా?" అని ఎస్సై అడిగితే, "నాకేమెరుక సారూ, వానలు పడ్డంక నా బిడ్డ తెచ్చి పంచుతదట" అన్నావట! అట్లా చెబితే ఎవరికి అనుమానం రాదు? నీకు చదువు రాదు, చెల్లెను వెంట తీసుకుపోతే ఆ జాబితా అదే చదివి వినిపించేది కదా!

దారిలో ఎవరు చదివినా అర్థమయ్యేట్టు మళ్లీ రాస్తున్నాను. వానలకు మగ్గం గుంటలోకి నీళ్లొచ్చి నేత ఆగినప్పుడు అందరూ కూర్చుని వినడానికి దయ్యాల కథలు. చలికాలం నానమ్మకు చదివి వినిపించడానికి కాశీ యాత్ర పుస్తకం. ఎండకాలం సెలవుల్లో చెల్లెకు జంతువుల కథలు, అది పదో తరగతికి వచ్చాక చరిత్ర. అన్నీ ఇక్కడి లైబ్రరీవే. ఇంతకు మించి వాటిలో ఏ రహస్యమూ లేదు.

సోమవారం మళ్లీ రమ్మన్నారట. ఈ కార్డునూ చెల్లెనూ తీసుకుపో. నువ్వేమీ చెప్పకు, దాన్నే చదవనీ.

అమ్మకు దగ్గు తగ్గిందా? నా పచ్చ చీర మామతో పంపు. నానమ్మకు దండాలు, చెల్లెకు ముద్దులు.

నిన్ను ఇంటికి పంపారో లేదో పదిహేనో తారీఖులోగా నాకు అందేట్టు రాయించు. పదిహేడున మా పరీక్ష. జవాబు రాకపోతే అది వదిలేసి బస్సెక్కుతాను.

నీ బిడ్డ
అనసూయ