గూడబాతూ, నా నోటి వ్రతమూ

నవంబరు 10, సోమవారం

ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని!

కారణం రాసి పెట్టుకోవాలి. మా యానిమేషన్ స్టూడియోలో ఏ బొమ్మయినా నేను చూసి సరే అన్నాకే బయటికి వెళ్తుంది. బాగోగులు చెప్పడం నా ఉద్యోగం. ఇన్నేళ్లలో బాగు చెప్పినట్టు మాత్రం ఎవరికీ గుర్తు లేదట. పొద్దున్న ఓనరు ప్రసన్నగారు తలుపు వేసి మరీ కబురు చెప్పారు.

"ఫణికిరణ్ గారూ, మునీరా మానేస్తానంటోందండీ. శుక్రవారం ఛానెల్ వాళ్లకి గూడబాతు బొమ్మ చూపించేదాకా ఉంటుందట. ఆ అమ్మాయి లేకపోతే ఈ సీరియల్ గీసేవాళ్లెవరండీ? సీరియల్ పోతే మనం ఏలూరులో కూర్చుని గోళ్లు గిల్లుకోవడమే."

"ఎందుకు మానేస్తుందో చెప్పిందాండీ?"

"చెప్పాలాండీ? మీరు నోరు తెరిస్తే కింద కిళ్లీకొట్టు దాకా వినపడుతుంది."

సరే. వ్రతం పట్టాను. నియమాలు:

– ముందు రెండు మంచి మాటలు, మధ్యలో ఒక్క సలహా, చివర ఇంకో మంచి మాట. దీనికి మిరపకాయ బజ్జీ పద్ధతి అని పేరు పెట్టాను. కారం లోపల, పైనంతా మెత్తటి పిండి.
– "ఛీ", "ఇదేంటిది", "దీన్ని మీ ఇంట్లోవాళ్లు చూశారా" – నిషేధం.
– అందరినీ మీరు, గారు.

రాత్రి భోజనాల దగ్గర సాధన. "దుర్గా, పులుసు రంగు అద్భుతం. చిక్కదనం అమోఘం. ఉప్పు గురించి ఒక్కసారి ఆలోచిస్తే..."

నా భార్య గరిటె కింద పెట్టింది. "ఏవండీ, ఏం చేసొచ్చారు?"

నవంబరు 11

మునీరా గూడబాతుని తెచ్చింది. పేరు బుజ్జులు. ముక్కు కింద సంచీ, దండెం మీద ఆరేసిన దిండు గలీబులా ఉంది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను!

"మునీరా గారూ, కళ్లు చాలా బాగా వేశారండీ. రెక్కల రంగు అమోఘమండీ. సంచీ విషయంలో ఇంకొక్క ఆలోచన చేస్తే శోభిస్తుందేమోనండీ. పాదాలు చూడముచ్చటగా ఉన్నాయండీ."

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "సరే సార్" అని వెళ్లిపోయింది. పాపం, పొగడ్తకి అలవాటు లేదు. చలించిపోయి ఉంటుంది.

సాయంత్రం అందరూ వెళ్లాక చెయ్యి ఊరుకోక, ఫైలు తెరిచి సంచీ నేనే చిన్నది చేసి పెట్టాను. ఎవరినీ ఒక్క మాట అనలేదు. వ్రతానికి భంగమేమీ లేదు.

నవంబరు 12

బ్యాక్‌గ్రౌండ్లు వేసే సత్తిబాబు టీ గ్లాసు పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు ఒకటే తక్కువ.

"సార్, నేనేం తప్పు చేశానండీ? పొద్దున్న నా కొబ్బరిచెట్లు దివ్యంగా ఉన్నాయన్నారు."

"ఉన్నాయి కదండీ."

"చూశారా, మళ్లీ! తిడితే తిట్టండి సార్, పడతాం. ఈ ఎటకారం మాత్రం తట్టుకోలేమండీ. నిన్న మునీరాని కూడా కళ్లు బాగున్నాయి, కాళ్లు బాగున్నాయి అన్నారంట. అంటే మధ్యలో ఉన్నదంతా చెత్తనేగా?"

అదీ సంగతి! మా వైపు పుట్టినవాడికి పొగడ్త వినపడగానే ముందు వెటకారం వాసనే తగులుతుంది. తాడేపల్లిగూడెంలో మా పెద్దమ్మ కూతురి పెళ్లిలో ఒక పెద్దమనిషి "వంకాయ కూర దివ్యంగా ఉందండీ" అని నిజంగానే అన్నాడు. వంటాయన ఇప్పటికీ ఆయనతో మాట్లాడడు. ఇది తెలిసి కూడా బజ్జీలు వేశానే!

నవంబరు 13

బ్రహ్మాండమైన ఆలోచన! అసలు గూడబాతుల్నే చూపిస్తే నేను నోరు తెరవక్కర్లేదు కదా. మునీరాని, సత్తిబాబుని కారెక్కించి కొల్లేరు తీసుకెళ్లాను. ఆటపాకలో పడవ ఎక్కాం. చెట్ల నిండా పక్షులే. మునీరా పుస్తకం తీసి గబగబా గీస్తోంది. నేను మౌనం.

అంతలో ఒక గూడబాతు పడవ పక్కనే దిగింది.

"మెడ ఎక్కువైంది" అన్నాను. "ఆ ముక్కు బరువుకి ముందుకి బోర్లా పడాలి. నమ్మేట్టు లేదు."

"దీన్ని గీసినాయనకి చెప్పమంటారా సార్?" అంది మునీరా. సత్తిబాబు పడవ ఊగేలా నవ్వాడు. ఆ అమ్మాయీ నవ్వింది. వారం మొత్తానికి ఇదే మొదటి నవ్వు!

నేను ఆ పక్షిని ఫోటో తీసి, ఫోనులోనే మెడ తగ్గిస్తూ గీత గీశాను. ఊరికే, సరదాకి. మునీరా నా ఫోను వంక చూసి నవ్వడం మానేసింది. ఎందుకో అర్థం కాలేదు. ఎండ అనుకుంటా.

నవంబరు 14, శుక్రవారం

అయిపోయింది. వ్రతం, పరువు, గొంతు, అన్నీ.

మధ్యాహ్నం ఛానెల్ వాళ్లు వీడియో కాల్‌లో చూస్తారు. పొద్దున్నే మునీరా బుజ్జులుని నడిపించి చూపించింది. సంచీ మళ్లీ పాత సైజుకే వచ్చింది! ఇంక ఆగలేదు.

"ఇదేంటిది! కాలవలో ఒక చెప్పు పోగొట్టుకున్న పెళ్లికొడుకులా ఈ నడకేంటి! ఇంత సంచీ వేలాడదీశావు, దాని బరువేది? పక్షి ఆగినా సంచీ ఆగదు కదా! కాసేపు అది ఊగి, అప్పుడు కదా ఆగాలి!"

కిళ్లీకొట్టు దాకా కచ్చితంగా వినపడింది. కింద ఎవరో పైకి చూశారు కూడా.

మునీరా మొహం వెలిగింది! "ఇదండీ సార్! ఈ ముక్క మంగళవారమే చెప్పకూడదాండీ?"

నాకు ఉత్సాహం వచ్చి, ఆమె చేతిలోంచి పెన్ను లాక్కున్నాను. "ఇలా జరుగు, చూపిస్తాను."

ఆ అమ్మాయి స్క్రీను మీద అరచెయ్యి పెట్టేసింది.

"నోరు ఎంతైనా చేసుకోండి సార్. పెన్ను మాత్రం ఇచ్చేయండి. మా నాన్నగారు తివాచీలు నేస్తారు కదండీ. ఎవరైనా తప్పు ముడి వేస్తే కేకలేస్తారు, వేలితో చూపిస్తారు. విప్పేదీ, మళ్లీ వేసేదీ మాత్రం వేసినవాళ్లే. ఇంకొకరు చెయ్యి పెట్టరు. ఇక్కడ సాయంత్రం నేను గీసిన పిట్ట పొద్దునకల్లా మీ పిట్ట అయిపోతోంది. నాదని చెప్పుకోడానికి ఒక్క ఈక లేదండీ. అందుకే వెళ్లిపోతున్నాను."

నేను వారమంతా నోటికి తాళం వేసుకుని తిరిగాను, దొంగతనం చేసింది చెయ్యి! సిగ్గేసింది. పెన్ను ఇచ్చేశాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆమె గీసింది. రెండుసార్లు అరిచాను. రెండుసార్లూ ఆమే దిద్దింది.

ఛానెల్ వాళ్లకి బుజ్జులు నడిచి వచ్చి ఆగింది. సంచీ ఆగలేదు. ఊగి, ఊగి, బుజ్జులు మొహానికే తగిలింది. అవతల అందరూ పగలబడి నవ్వారు. సీరియల్ మాదే!

"ఇంకొక్క ఎపిసోడ్ చూస్తానండీ" అంది మునీరా, ప్రసన్నగారితో. "సార్ చేతులు ఎక్కడుంటాయో చూసి, అప్పుడు చెప్తాను."

నవంబరు 17, సోమవారం

ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని! నియమాలు:

– నోరు: యథేచ్ఛ.
– చేతులు: జేబుల్లో.

ఉదయం: కొత్త పాత్ర, కొరమేను. మీసాలు మరీ పోలీసు మీసాల్లా ఉన్నాయని అరిచాను. చేతులు జేబుల్లోనే. మునీరా నవ్వుతూ రాసుకుంది. భేష్!

మధ్యాహ్నం: అందరూ భోజనాలకి వెళ్లారు. స్క్రీను మీద కొరమేను నన్నే చూస్తోంది. ఎడమ మీసం వెంట్రుకవాసి ఎక్కువ. పెన్ను పక్కనే ఉంది. దాన్ని ఎర్ర ఊలు దారంతో టేబులు కాలికి కట్టేసి ఉంచారు. వరసగా ముళ్లు. తివాచీ ముళ్లు!

నవ్వొచ్చింది. నా మీద ఇంత అపనమ్మకమా అని కోపం కూడా వచ్చింది. ముడి ఎలా వేశారో చూద్దామని, కేవలం విజ్ఞానం కోసం, మొదటిది విప్పాను. తర్వాత రెండోది. సగం ముళ్లు విప్పేశాక గుర్తొచ్చింది, వీటిని మళ్లీ వేయడం నాకు రాదు.

మెట్ల మీద మునీరా మాట వినపడుతోంది.

రేపటి నుంచి నేను కొత్త మనిషిని!