చేతులు కట్టుకున్న పిల్ల

2014 మార్చి 9, ఆదివారం

చర్చి నుంచి వచ్చి చొక్కా విప్పేలోగా షీబా ఫోను. మస్కట్‌లో ఫ్యామిలీ వీసా వచ్చిందట. కంపెనీ వాళ్లు విక్టర్‌కి ఇల్లు కూడా ఇచ్చారట. ఇంక ఝాన్సీని తీసుకొచ్చేసుకుంటాం నాన్నా అంది.

షీబా మా అమ్మాయి. అక్కడ నర్సు. విక్టర్ అల్లుడు, క్రేను నడుపుతాడు. ఝాన్సీకి ఎనిమిదేళ్లు. నడక వచ్చిన కొత్తలో మా చేతుల్లో పెట్టి వెళ్లారు. ఇప్పుడు నా మంచంలో సగం దానిదే. మోకాళ్లతో తంతుంది.

అక్కడ బడిలో సీటు దొరికితేనే తీసుకెళ్తారట. దొరక్కపోతే ఇంకో ఏడాది పాతపట్నంలోనే. మంచిది అన్నాను. ఏది మంచిదని షీబా అడగలేదు.

మార్చి 12

విక్టర్ రెండు బళ్ల ఫొటోలు పంపాడు. పాస్టరు గారి కోడలు పద్మజ తన లాప్‌టాప్‌లో చూపించింది.

ఒకటి ఇండియన్ స్కూలు. పిల్లలు వరసలో నిలబడ్డారు. టై, బూటు, కట్టుకున్న చేతులు. బడి అంటే అది. రెండోది ఇంటర్నేషనల్ స్కూలు. గదిలో బెంచీలే లేవు. టీచరమ్మ చాప మీద కూర్చుంది. పిల్లలు బోర్లా పడుకుని రాస్తున్నారు. ఒకడైతే ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. ఇది బడేటమ్మా, పెళ్లివారి విడిదిలాగున్నాది అన్నాను. అక్కడ అలాగే నేర్పుతారు తాతగారూ అని పద్మజ నవ్వింది.

మా కాలంలో సీటు తేలిక. మిషన్ బడిలో ఎజ్రా మేష్టారు, కుడిచెయ్యి తలమీంచి తెచ్చి ఎడమ చెవి ముట్టుకోరా డేవిడ్‌రాజూ అన్నారు. అందితే బడి ఈడు వచ్చినట్టు. నాకు అందలేదు. మెడ వంచి పట్టేశాను. ఆయన చూశారు. చూడనట్టు వదిలేశారు. పొద్దున్నే పాలపొడి కలిపిన పాలు పోసేవారు. సత్తుగ్లాసు వేడికి చెయ్యి కాలేది, అయినా వదిలేవాళ్లం కాదు. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే ఆగిపోతాను.

మేష్టారు వస్తే లేవాలి. చేతులు కట్టుకోవాలి. తల దించాలి. అడిగితేనే మాట్లాడాలి, తెలియకపోతే నోరు మూసుకోవాలి. నేను మూడో తరగతి దాటలేదు, తాపీ పట్టుకున్నాను. కానీ ఆ మర్యాద వదల్లేదు. షీబాని అలాగే పెంచాను. ఝాన్సీనీ అలాగే పెంచాను.

ఇండియన్ స్కూలే ఖాయం చెయ్యమని చెప్పాను.

మార్చి 20

ఇండియన్ స్కూల్లో సీట్లు డ్రా తీశారట. మా పిల్ల పేరు రాలేదు. ఇంక మిగిలింది ఆ బోర్లా పడుకునే బడే.

మార్చి 21

ఆ దేశంలో ఆదివారం నాడు బడి ఉంటుందట. చర్చి శుక్రవారమట. ప్రభువు దినాన్ని ఎవరిని అడిగి మార్చారు అన్నాను. నీకు సెప్పి మార్చాల్నేటి, నువ్వేటి ఆ ఊరి మునసబువా అని మా ఆవిడ జ్ఞానసుందరి అంది.

ఏప్రిల్ 6, ఆదివారం

ఇంటర్నేషనల్ స్కూలు వాళ్లు పిల్లని చూడాలన్నారు. స్కైపులో. పద్మజ వాళ్ల ముందుగదిలో.

వారం నుంచీ తయారు చేశాను. రెండు జడలు, రిబ్బన్లు, ఈస్టరుకని దాచిన గౌను. టీచరమ్మ కనబడగానే ఝాన్సీ లేచింది. చేతులు కట్టింది. తల దించింది. నిలబడేసరికి ఆ డబ్బాలోంచి ఆవిడకి గౌనూ, కట్టిన చేతులే కనబడుతున్నాయట. కూర్చో కూర్చో అంటోందని పద్మజ చెప్పింది. ఝాన్సీ నా వైపు చూసింది. నేను వద్దని తల ఊపాను. గురువు ముందర కూర్చోవడమేమిటి. చివరికి పద్మజే లాప్‌టాప్ కింద నాలుగు పుస్తకాలు పెట్టింది.

ఆవిడ చాలా అడిగింది. పిల్ల ఎస్ మేడమ్, నో మేడమ్ అంది. తెలియనివాటికి పెదవి కదపలేదు. నేల మీంచి చూపు తిప్పలేదు. బంగారం. ఎజ్రా మేష్టారు ఉంటే వీపు తట్టేవారు. వస్తూ దారిలో జీళ్లు కొనిపెట్టాను.

ఏప్రిల్ 10

సీటు ఇవ్వలేదు.

పిల్ల మాట్లాడటం లేదు, మొహంలోకి చూడటం లేదు, ముందు డాక్టరుకి చూపించండి అని రాశారట. షీబా చదివి వినిపించింది.

మా పిల్లకి రోగమా అని అరిచాను. అంత సదువుకున్నోలకి మర్యాదకీ రోగానికీ తేడా తెల్దా అన్నాను. ఎదురింటి గున్నమ్మ గుమ్మంలోకి వచ్చి, ఏటైంది మేస్త్రీ అంది. నీకేటి, నీ పని సూసుకో అన్నాను.

ఎందుకరుస్తావు, నువ్వు నేర్పిందేదో అదే సేసింది పిల్ల అని జ్ఞానసుందరి అంది.

ఒకటి రాస్తాను, ఇది చదివేవాళ్లు ఎవరూ లేరు గనక. సీటు లేదనగానే ముందు వచ్చింది కోపం కాదు. ఇంకో ఏడాది ఉంటుంది అనిపించింది. కోపం తర్వాత వచ్చింది.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

పిల్లలు కొబ్బరి మట్టలు పట్టుకుని వీధంతా తిరిగారు. ఝాన్సీ ముందు వరసలో. హోసన్నా అని అందరికంటే గట్టిగా అరిచింది. మెడ నరాలు తేలాయి. ఇంత గొంతు ఉన్న పిల్ల నా ఇంట్లో ఇన్నాళ్లు ఎక్కడ దాచుకుందో.

సాయంత్రం షీబా ఫోను. నన్నే పిలవమందట. నాన్నా, కోప్పడకుండా విను అంది.

విశాఖలో మొదటి ఉద్యోగంలో సంగతి. రౌండ్స్‌లో పెద్ద డాక్టరు ఒకరికి రాయాల్సిన ఇంజెక్షను పక్క మంచం వాడికి రాశాడట. షీబా చూసింది. తప్పని దానికి తెలుసు. చేతులు కట్టుకుని నిలబడిపోయిందట, తల దించుకుని. పక్కనున్న కేరళ అమ్మాయి, సార్ ఆ పేషెంటు కాదు అంది. డాక్టరు కొట్టేసి సరిగ్గా రాశాడు. అంతే. ఎవరికీ ఏమీ కాలేదు.

నోరు రానేదు నాన్నా అంది షీబా. నాకు తెలుసు, కానీ నోరు రానేదు. పెద్దోల ముందర మాటాడ్డం నేర్సుకోడానికి నాకు ఏళ్లు పట్టింది. ఝాన్సీకి ఆ ఏళ్లు వద్దు. అందుకే ఆ బడి కావాలంతన్నాను.

ఫోను జ్ఞానసుందరికి ఇచ్చేశాను.

చిన్నప్పుడు షీబా తలుపు వెనకాల నిలబడేది. ఎవరైనా వస్తే అక్కడే. నీ కూతురు ఉందో లేదో తెలీదు మేస్త్రీ, ఎంత అణకువ అనేవారు. నేను మీసం దువ్వుకునేవాణ్ని.

ఏప్రిల్ 14

ఏమీ రాయను.

ఏప్రిల్ 16

పద్మజ చేత ఆ బడికి ఇంగ్లీషులో రాయించాను. మా పిల్లకి రోగం లేదు, తాత నేర్పిన అలవాటు, ఇంకోసారి చూడండి అని. తాత అనే రాయమన్నాను. మే నెలలో చూస్తామన్నారు.

ఝాన్సీని నా ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. నేనేదన్నా తప్పంటే కాదని చెప్పాలి అన్నాను. అది భయపడి అమ్మమ్మ వైపు చూసింది. మన ఊరి ఏరు మహేంద్రతనయ రాజాంలో పారుతాది అన్నాను. మాట్లాడలేదు. సూర్యుడు సాయంత్రం పూట పుడతాడు అన్నాను. మాట్లాడలేదు. నాను దొరలాగ ఎర్రగా ఉంటాను అన్నాను.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాదు తాతా, నువ్వు మాడిపోయిన అట్టు లాగుంటావు అంది.

జ్ఞానసుందరి గరిటె పట్టుకుని కూలబడి నవ్వింది. నలభై ఏళ్లనుండీ నాను అనలేకపోయింది ఇది అనేసింది అంది.

ఏప్రిల్ 25

ఇప్పుడు ఝాన్సీ నోరు ఆగడం లేదు. పప్పులో ఉప్పు సరిపోయింది అంటే కాదు అంటుంది. వాన వస్తుంది అంటే రాదు అంటుంది. వాన వచ్చింది. అయినా ఒప్పుకోలేదు, ఇది వాన కాదు తుంపర అంది.

నిన్న పాత చిన్నరైలు గురించి చెప్పాను. నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా పోయేది. ఆ ఇంజను ఎత్తు ఎక్కేటప్పుడు ముసలి ఎద్దులా రొప్పేది. మేము దిగి, పట్టాల పక్క రేగుపళ్లు కోసుకుని, పరుగెత్తి మళ్లీ వెనక పెట్టెలో ఎక్కేవాళ్లం. బొగ్గు నలుసు కంట్లో పడితే మా అమ్మ చీర కొంగు ఉండ చుట్టి, నోటి ఆవిరి పట్టి అద్దేది. ఆ వెచ్చదనం చెబుతుంటే నా కన్నే చెమ్మగిల్లింది.

ఝాన్సీ అంతా విని, రైలుకంటే నువ్వే బేగి పరిగెడితే మరి టిక్కెట్టెందుకు కొన్నావు తాతా అంది.

డెబ్భై దాటాను. ఈ కథ ఎంతోమందికి చెప్పాను. ఒక్కరూ ఇది అడగలేదు.

మే 3

చర్చి ప్రహరీ వాలింది అంది ఝాన్సీ. ఆ ప్రహరీ నేను కట్టాను. నా చేతి గోడ వాలదు అన్నాను. వాలింది అంది. పని సంచీలోంచి తూకం గుండు తీసి గోడ పక్కన తాడుతో వేలాడదీశాను. వేలెడంత వాలింది.

నేల దిగింది, గోడ తప్పు కాదు అన్నాను.

గోడ నీదే కదా అంది.

రెండు పూటలు దానితో మాట్లాడలేదు. మూడో పూట అదే వచ్చి పక్కలో దూరింది. నువ్వు తప్పని సెప్పమన్నావు కదా తాతా, మరెందుకు అలిగావు అంది.

మే 11, ఆదివారం

స్కైపు. అదే గది, అదే టీచరమ్మ. ఝాన్సీ కూర్చుంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నాకు అర్థం కాలేదు గాని, పిల్ల నోరు ఆగలేదు. ఇంగ్లీషు రాని చోట తెలుగు వేసేసింది. పద్మజ తర్వాత అంతా చెప్పింది.

మీ స్కూలు ఇష్టమేనా అంటే, కాదు, బాత్రూముకి గడియ లేదు, ఒకరు లోపలికెళ్తే ఒకరు తలుపు పట్టుకోవాలి అందట. మీ తాత ఏం చేస్తారు అంటే, గోడలు కడతారు, ఒకటి వాలింది అందట. ఆ ఒక్కటే చెప్పాలా. మస్కట్ రావాలనుందా అంటే, మస్కట్ అక్కర్లేదు, అమ్మ కావాలి అందట.

అప్పుడు ఝాన్సీ, మీరు మీ అమ్మ దగ్గరే ఉంటారా మేడమ్ అని అడిగిందట.

లేదు, మా అమ్మ చాలా దూరంలో ఉంది అని ఆవిడ అందట. ఆ మొహం నేను తలుపు దగ్గర్నుంచి చూశాను. భాష అక్కర్లేకపోయింది.

మే 19

సీటు వచ్చింది. జ్ఞానసుందరి మోకరించి ప్రార్థన చేసింది. నేనూ మోకరించాను. ఏం ప్రార్థించాలో తేల్చుకోలేక ఆమెన్ మాత్రం గట్టిగా అన్నాను.

జూన్ 2

టీవీలో పొద్దుటి నుంచీ రాష్ట్రం రెండయిందన్న సంగతే. మా ఇంట్లో ఎవరూ కూర్చుని చూడలేదు. నేను బడికి వెళ్లి ఝాన్సీ టీసీ తెచ్చాను.

ఆగస్టు 22

పిల్లని దింపడానికి నన్ను రమ్మన్నారు. విజిటు వీసా. జ్ఞానసుందరి మోకాళ్లు విమానం మెట్లు ఎక్కవు. నానెందుకు, నువ్వెల్లు, నాకీ నెల్లాళ్లు సెవులకి సెలవు అంది. అని ఝాన్సీ జడలు విప్పి మళ్లీ వేసింది. వేసినవి బాగానే ఉన్నాయి. మళ్లీ విప్పింది.

పెట్టెలో ఆవకాయ సీసా పెడుతుంటే, కారిపోతాది అమ్మమ్మా అంది ఝాన్సీ. కారదు అంది ఆవిడ. కారుతాది అంది.

దానికి రెండేళ్లప్పుడు నా వేలు పట్టుకుని ఇసక గుట్ట ఎక్కేది. పని చేసే చోటికి తీసుకెళ్లేవాణ్ని. తడి గోడ మీద అరచెయ్యి అద్దేది. తిట్టి, తాపీతో చెరిపేసేవాణ్ని. ఒక్కటైనా ఉంచేయాల్సింది.

ఆగస్టు 31, ఆదివారం, మస్కట్

బడి మొదటి రోజు. షీబాకి డ్యూటీ. నేనే తీసుకెళ్లాను. సాయంత్రం దాకా గేటు దగ్గరే కూర్చుంటాను అన్నాను.

వద్దు, ఎండగా ఉన్నాది, ఇంటికెల్లు తాతా అంది.

వెళ్లాను.